“క్లయింట్ ఒప్పుకున్నారు” అని ఇంగ్లీషులో ఎలా రాయాలి: మీటింగ్ మినిట్స్ దగ్గర చిక్కుకున్న ఒక టెస్టింగ్ ఇంజినీర్ కేసు

నేపథ్యం

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులకు ఆఫీసు ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. ఈ కేసులోని ఆమెకు ముప్పై దాటాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చాలా ఏళ్ల అనుభవం ఉంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఆపైన అంతా ఇంగ్లీషు మీడియం. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. కంపెనీని, ప్రాజెక్టును, ఆమెను గుర్తుపట్టే అవకాశమున్న వివరాలు తీసేశాను. మెయిళ్లలోని వాక్యాలను కూడా అర్థం చెడకుండా కాస్త మార్చాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఆమె ఇంగ్లీషు బలహీనమైనది కాదు. ఆమె రాసిన బగ్ రిపోర్టులు కొన్ని చూశాను. ఏం నొక్కితే ఏం రావాలి, దానికి బదులు ఏం వచ్చింది అన్నది ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా రాస్తుంది. అయితే బగ్ రిపోర్టులో మనుషులు ఉండరు. అక్కడ ఎవరూ పట్టుబట్టరు, మెత్తబడరు, మాట దాటవేయరు. టీమ్ లీడ్ అయ్యాక ఆమెకు కొత్త పని వచ్చిపడింది. అమెరికాలోని క్లయింట్‌తో వారం వారం జరిగే కాల్ అయిపోగానే ఎవరు ఏమన్నారో, ఏం తేలిందో రాసి అందరికీ మెయిల్ పెట్టాలి. ఆఫీసుల్లో దీన్ని ఎమ్‌ఓఎమ్ అంటారు, అంటే మీటింగ్ మినిట్స్. చిక్కంతా అక్కడ మొదలైంది.

వచ్చిన సమస్య

ఒక కాల్ తర్వాత ఆమె పెట్టిన మెయిల్‌లో ఈ మూడు వాక్యాలు ఉన్నాయి:

“వి హ్యాడ్ ఆన్ ఆర్గ్యుమెంట్ అబౌట్ ద రిలీజ్ డేట్.”

“క్లయింట్ అడ్మిటెడ్ దట్ ద రిక్వైర్‌మెంట్ వాజ్ చేంజ్డ్ ఇన్ ద మిడిల్.”

“అవర్ టీమ్ హ్యాజ్ మెనీ డౌట్స్ ఆన్ ద న్యూ డిజైన్.”

మర్నాడే క్లయింట్ వైపు మేనేజర్ వీళ్ల మేనేజర్‌కు ఫోన్ చేశారు. నిన్న గొడవ ఎప్పుడు జరిగింది, మేం ఏ తప్పు ఒప్పుకున్నాం, మా డిజైన్ మీద మీకెందుకు నమ్మకం లేదు అని అడిగారు. మేనేజర్ ఈమెను పిలిచి “కాస్త సాఫ్ట్‌గా రాయండి” అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి కాల్‌కు ముందు రోజు రాత్రే ఆమెకు టెన్షన్ మొదలయ్యేది.

నా దగ్గరకు వచ్చిన రోజు ఆమె అన్న మాట ఇది: “మేడమ్, నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు. జరిగిందే రాశాను. వాళ్లకు కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థం కావడం లేదు.”

నిజంగానే ఆమె అబద్ధం రాయలేదు. తెలుగులో వేసి చూస్తే మూడు వాక్యాల్లోనూ తప్పు కనపడదు. రిలీజ్ తేదీ గురించి వాదన జరిగింది. రిక్వైర్‌మెంట్ మధ్యలో మారిందని వాళ్లు ఒప్పుకున్నారు. కొత్త డిజైన్ మీద మాకు చాలా డౌట్లున్నాయి. ఇందులో కోపం తెప్పించేది ఏముంది?

ఉంది. ఇంగ్లీషులో ‘ఆర్గ్యుమెంట్’కు రెండు ముఖాలు. ముందు ‘మేక్’ వస్తే కారణాలు చూపి వాదించడం. ముందు ‘హ్యావ్’ వస్తే, ముఖ్యంగా మనుషుల మధ్య, మాటామాటా అనుకోవడం, అంటే గొడవ. ‘అడ్మిట్’ అంటే తనకు ఇబ్బంది కలిగించే నిజాన్ని ఇష్టం లేకపోయినా ఒప్పుకోవడం. అవతలివాళ్లు మామూలుగా చెప్పిన సంగతిని ‘అడ్మిటెడ్’ అని రాస్తే, నిలదీస్తే నోరు విప్పారన్నట్టు వినపడుతుంది. ఇక డౌట్. క్లాసులో చెయ్యెత్తి “సార్, ఒక డౌట్” అని అడుగుతూ పెరిగినవాళ్లం మనం. మనకు డౌట్ అంటే ప్రశ్న. అమెరికా చెవికి డౌట్ అంటే అపనమ్మకం.

మొదటి ప్రయత్నం: పదాల పట్టిక

మేనేజర్ ‘సాఫ్ట్‌గా’ అన్నారు కాబట్టి నేను కూడా దీన్ని మర్యాద సమస్యగానే తీసుకున్నాను. ఆమె దగ్గర చర్చకు సంబంధించిన మాటలు తక్కువున్నాయి, అందుకే చేతికందిన మొరటు మాట వాడేస్తోంది అనుకున్నాను. నలభై క్రియలతో ఒక పట్టిక ఇచ్చాను. ఆర్గ్యూ, క్లెయిమ్, కంటెండ్, కన్సీడ్, రెఫ్యూట్, అక్నాలెడ్జ్ ఇలా వరసగా, పక్కనే తెలుగు అర్థం. ఆమె శ్రద్ధ ఉన్న మనిషి. వారంలో అన్నీ కంఠస్థం చేసేసింది.

రెండో వారం ఒక డ్రాఫ్ట్ నాకు చూపించింది. అందులో “క్లయింట్ రెఫ్యూటెడ్ అవర్ ఎస్టిమేట్” అని ఉంది. వీళ్లు ఇచ్చిన రోజుల అంచనాను క్లయింట్ కాదన్నారని ఆమె ఉద్దేశం. కానీ ‘రెఫ్యూట్’ అంటే ఆధారాలతో తప్పని నిరూపించడం. అంటే మా కంపెనీ అంచనా తప్పని తేలిపోయింది అని ఆమె తన చేత్తో తానే రాసిచ్చినట్టు. మెయిల్ పోకముందే చూశాం కాబట్టి సరిపోయింది.

ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే నా పట్టికే కనపడింది. ‘రెఫ్యూట్’ పక్కన నేను రాసింది ‘ఖండించు’ అని. తెలుగులో ఆరోపణనూ ఖండిస్తాం, దాడినీ ఖండిస్తాం, ఎదుటివాడి వాదాన్నీ ఖండిస్తాం. ఇంగ్లీషులో మొదటిది ‘డినై’, రెండోది ‘కండెమ్’, మూడోది ‘రెఫ్యూట్’. వీళ్ల అంచనాను క్లయింట్ చేసింది ఈ మూడింటిలో ఏదీ కాదు. ఒప్పుకోలేదు, అంతే. దానికి ‘డిడ్ నాట్ అగ్రీ విత్’ చాలు. ఒక తెలుగు మాటకు ఎదురుగా ఒక ఇంగ్లీషు మాట పెట్టే పట్టిక ఇలాంటి చోట సాయం చేయకపోగా దారి తప్పిస్తుంది. మర్యాద సంగతి కూడా తేలిపోయింది. ‘రెఫ్యూట్’ మొరటు మాట కాదు, గంభీరమైన మాట. అయినా మొదటి మెయిల్ కన్నా ఎక్కువ నష్టం చేసేది. సమస్య మెత్తదనంలో లేదని నాకు అప్పుడు అర్థమైంది.

రెండో ప్రయత్నం: ఏ రంగూ లేని మాటలు

‘రెఫ్యూట్’ తర్వాత ఇద్దరికీ భయం పట్టుకుంది. కొన్నాళ్లు ‘సెడ్’, ‘మెన్షన్డ్’, ‘డిస్కస్డ్’ అనే మూడు మాటలతోనే రాయమన్నాను. వాటిలో ఎవరికీ తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, ముందు ఆమె ధైర్యం నిలబడాలి అన్నది నా ఆలోచన. ఒక చిన్న మేలు జరిగింది. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ రాసే అలవాటు పోయింది. ‘డిస్కషన్’ అనే నామవాచకానికి ‘అబౌట్’ ఉంటుంది, క్రియకు అక్కర్లేదు. మనలో దాదాపు అందరం చేసే తప్పు ఇది.

మూడు వారాలు మెయిళ్లు ప్రశాంతంగా వెళ్లాయి. నాలుగో వారం దెబ్బ తగిలింది. కాల్‌లో క్లయింట్, ఫలానా తేదీకి ఒక రిపోర్ట్ మాడ్యూల్ తప్పనిసరిగా కావాలని పదేపదే చెప్పారు. ఆమె మెయిల్‌లో మాత్రం “క్లయింట్ మెన్షన్డ్ ద రిపోర్ట్ మాడ్యూల్” అని ఉంది. కాల్‌లో లేని డెవలపర్లు దాన్ని చదివి, మాటవరసకు అన్నారు కాబోలు అనుకుని వేరే పని ముందు పెట్టుకున్నారు. తేదీ దాటిపోయింది.

ఈసారి గొడవ రావడానికి కారణం మాటల ఘాటు కాదు, మాటల చప్పదనం. ఎవరు ఎంత గట్టిగా అన్నారన్నది కూడా సమాచారమే. దాన్ని మర్యాద పేరుతో తీసేస్తే మినిట్స్‌లో మిగిలేది కాగితమే. ఇది నేను ముందే చూడాల్సింది. నా విద్యార్థిని భద్రంగా ఉంచాలనుకుని ఆమె చేతిలో ఉన్న పనిముట్టును మొద్దుబార్చాను.

మధ్యలో మాక్ డిబేట్లు కూడా రెండుసార్లు పెట్టి చూశాను. పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ‘మోషన్’, ‘రిబటల్’ లాంటి పోటీ మాటలు వచ్చాయి, కానీ ఆమె ఆఫీసు కాల్ పోటీ కాదు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో గౌతమ మహర్షి ఈ తేడా ఎప్పుడో చెప్పాడు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండ. నేను వాదం నేర్పాల్సిన చోట జల్పం సాధన చేయించాను.

దారి దొరికిన చోటు

ఆ తేదీ దాటిపోయిన వారం ఆమె బాగా కుంగిపోయి వచ్చింది. పాఠం పక్కన పెట్టి, ఆ కాల్‌లో అసలేం జరిగిందో తెలుగులో చెప్పమన్నాను. ఆమె చెప్పింది దాదాపు ఇలా ఉంది:

“ఆయన డేట్ దగ్గర పట్టుబట్టి కూర్చున్నాడు మేడమ్. మావాడొకడు నసిగాడు కానీ గట్టిగా కాదనలేదు. నేను టెస్టింగ్‌కు టైమ్ సరిపోదని ఎత్తిచూపాను. అప్పుడాయన ఒక మెట్టు దిగి, సరే, మిగతా రెండూ తర్వాత ఇవ్వండి, ఇది మాత్రం ఇవ్వండి అన్నాడు. హోస్టింగ్ ఖర్చు సంగతి అడిగితే మాత్రం మాట దాటేశాడు.”

నేను పెన్ను తీసుకుని ఆమె క్రియలు ఒక కాగితం మీద రాశాను. పట్టుబట్టాడు. నసిగాడు. ఎత్తిచూపాను. మెట్టు దిగాడు. దాటేశాడు. అరనిమిషంలో ఐదు రకాల పనులు, ఒక్కటి కూడా మరొకదానితో కలవలేదు. అదే కాల్ గురించి ఆమె ఇంగ్లీషు మెయిల్‌లో ఉన్నవి రెండే క్రియలు. కాగితం ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

చర్చను గమనించే చూపు ఆమెకు పుష్కలంగా ఉంది. అది తెలుగులో ఉంది. నేను ఇంగ్లీషు పదాల దగ్గర మొదలుపెట్టి ఆ చూపును పక్కకు నెట్టేశాను. ఇక ముందు మెయిల్ రాసే ముందు ఎవరెవరు ఏం చేశారో తెలుగులో ఒక్కో క్రియ రాసుకోవాలని, ఆ తర్వాతే ఇంగ్లీషు మాట వెతకాలని నిర్ణయించాం.

ఆమె వెంటనే అడ్డుచెప్పింది. “తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయకూడదంటారు కదా మేడమ్?” న్యాయమైన ప్రశ్న. వాక్యాన్ని తెలుగులో కట్టుకుని మాటకు మాట మారిస్తే ‘ఆర్గ్యుమెంట్’, ‘డౌట్’ లాంటివే వస్తాయి, అది నిజం. ఇక్కడ మేం మార్చేది వాక్యాన్ని కాదు. మనిషి చేసిన పనిని ముందు సరిగ్గా పోల్చుకుంటున్నాం. ఏ భాషలో చూపు పదునుగా ఉంటే ఆ భాషలోనే పోల్చుకోవాలి. ఈ జవాబు చెబుతున్నప్పుడు నాకూ పూర్తి నమ్మకం లేదు. రెండు వారాల తర్వాత కుదిరింది.

‘పట్టుబట్టడం’ నుంచి ‘ఇన్‌సిస్ట్ ఆన్’ వచ్చింది. ‘ఎత్తిచూపడం’ నుంచి ‘పాయింట్ అవుట్’. ‘మెట్టు దిగడం’ ‘కన్సీడ్’ దగ్గరకు వస్తుంది, కానీ మినిట్స్‌లో ‘అగ్రీడ్ టు మూవ్’ అని ఏం జరిపారో రాస్తేనే మేలు. ‘నసగడం’ మెయిల్‌లోకి రాకూడదు. దాన్ని ‘రైజ్డ్ ఎ కన్సర్న్’ అనాలి, అది కూడా ఆ మనిషి నిజంగా ఒక ఇబ్బంది చెప్పి ఉంటేనే. ‘దాటేశాడు’ కూడా అలాగే రాయలేం. ‘హోస్టింగ్ కాస్ట్ రిమెయిన్స్ ఓపెన్’ అంటే ఎవరినీ వేలెత్తి చూపకుండానే విషయం తేలలేదని అందరికీ తెలుస్తుంది. అంటే కొన్ని తెలుగు క్రియలు ఇంగ్లీషు క్రియలవుతాయి, కొన్ని మనుషుల్ని వదిలి విషయం మీదకు మళ్లుతాయి. ఏది ఎటు వెళ్లాలన్నదే ప్రతి మెయిల్‌లోనూ చేయాల్సిన నిర్ణయం.

పేపర్ పేజీతో సాధన

ఒక ఆదివారం తెలుగు దినపత్రికలో ఒక రాజకీయ వార్తల పేజీ తెమ్మన్నాను. వాక్యాల చివర క్రియలకు మాత్రం గీత గీయమన్నాను. తెలిపారు, పేర్కొన్నారు, వెల్లడించారు, స్పష్టం చేశారు, ఆరోపించారు, తోసిపుచ్చారు, డిమాండ్ చేశారు, మండిపడ్డారు, హితవు పలికారు. నవ్వుతూ మొదలుపెట్టింది, పేజీ సగానికి వచ్చేసరికి ముఖం మారింది.

“ఆరోపించారు అని రాస్తే, ఆ మాట నిజమని పేపర్‌వాళ్లు అంటున్నట్టా?” అని అడిగాను. కాదంది. “వెల్లడించారు అంటే?” కాసేపు ఆగి, “నిజమేనని పేపర్ కూడా ఒప్పుకున్నట్టే” అంది.

ఇంగ్లీషులోనూ ఇదే లెక్క. ‘క్లెయిమ్డ్’ అని రాస్తే, రాసేవాళ్లు ఆ మాటకు పూచీ పడటం లేదు, కాస్త అనుమానం కూడా ధ్వనిస్తుంది. ‘పాయింటెడ్ అవుట్’ అని రాస్తే ఆ విషయం నిజమని రాసేవాళ్లూ ఒప్పుకుంటున్నట్టే. క్లయింట్ చెప్పిన ప్రతిదానికీ ఆమె అంతకుముందు ‘క్లెయిమ్డ్’ వాడేది. ‘అన్నారు’కు అది పెద్దమనిషి మాట అనుకుంది. వాళ్లు అబద్ధమాడుతున్నారేమో అన్న నీడ ప్రతి వాక్యం మీదా పడుతోందని పేపర్ పేజీ ముందు కూర్చున్నాకే ఆమెకు అందింది. పట్టికలో నేను ఎన్నిసార్లు చెప్పినా అందనిది ఇది.

‘ఒప్పుకోవడం’ దగ్గర ఆగిన రోజు

పన్నెండు క్లాసుల్లో ఒక క్లాసు మొత్తం ఈ ఒక్క మాటకే పోయింది, అంత సమయానికీ తగిన మాటే. తెలుగులో తప్పు ఒప్పుకుంటాం, పెళ్లికి ఒప్పుకుంటాం, నేరం ఒప్పుకుంటాం, ఓటమి ఒప్పుకుంటాం, నువ్వు చెప్పింది నిజమేనని ఒప్పుకుంటాం. క్రియ ఒకటే. తేడా అంతా ముందున్న మాటలోనూ దాని విభక్తిలోనూ ఉంది. ఇంగ్లీషులో ఆ బరువు క్రియ మీద, దాని వెనక వచ్చే చిన్న మాట మీద పడుతుంది. తప్పయితే ‘అడ్మిట్’. నేరమైతే ‘కన్ఫెస్’. పోటీలో ఓటమి అయితే ‘కన్సీడ్’. ఒక పనికి ఒప్పుకుంటే ‘అగ్రీ టు’. మనిషితోనో అభిప్రాయంతోనో ఏకీభవిస్తే ‘అగ్రీ విత్’. ఇద్దరూ కలిసి ఒక తేదీ ఖాయం చేసుకుంటే ‘అగ్రీ ఆన్’. అవతలి మాటలో నిజముందని గుర్తిస్తే, మన పట్టు వదలకపోయినా, ‘అక్నాలెడ్జ్’.

ఈ చివరిది ఆమెకు చాలా పనికొచ్చింది. మొదటి మెయిల్‌లోని ‘అడ్మిటెడ్’ స్థానంలో ఉండాల్సింది ఇదే, లేదా వట్టి ‘కన్ఫర్మ్డ్’. “ఒప్పుకున్నారు వేరు, ఒప్పేసుకున్నారు వేరు కదా మేడమ్, అలాంటిదే” అని తనే అంది. అంతకన్నా మంచి ఉదాహరణ నేను ఇవ్వలేకపోయేదాన్ని.

పంపే ముందు ఒక పరీక్ష పెట్టుకున్నాం. వాక్యంలో క్లయింట్ పేరు తీసేసి తమ టీమ్ పేరు పెట్టి చదవాలి. ‘అవర్ టీమ్ అడ్మిటెడ్’ అని అవతలివాళ్లు రాస్తే మనం సంతకం పెడతామా? పెట్టం అనిపిస్తే మాట మార్చాలి. మినిట్స్ రెండు పక్షాలూ ఒప్పుకోవాల్సిన కాగితం కాబట్టి ఈ పరీక్ష సరిపోతుంది. ఎస్కలేషన్ మెయిల్‌కు, అంటే పై అధికారికి ఫిర్యాదుగా రాసేదానికి సరిపోదు. అక్కడ మన పక్షం మనం చెప్పాలి. అది ఆమెకు విడిగా చెప్పాను.

దీని తర్వాత నేను మార్చుకున్నవి

తెలుగు అర్థాలతో పదాల పట్టిక ఇవ్వడం మానేశాను. క్రియ ఎప్పుడూ వాక్యంతోనే, వెనక వచ్చే చిన్న మాటతో కలిపే ఇస్తున్నాను. ‘ఇన్‌సిస్ట్’ అని కాదు, ‘ఇన్‌సిస్టెడ్ ఆన్ ద డేట్’ అని.

ఎవరైనా “నా ఇంగ్లీషు రఫ్‌గా ఉందంటున్నారు” అని వస్తే, ముందు వాళ్ల మీటింగ్‌ను తెలుగులో చెప్పించుకుంటున్నాను. తెలుగులో కూడా ‘అన్నాడు, అన్నాను’ తప్ప ఏమీ రాకపోతే అది వేరే కేసు. వాళ్లకు ముందు వినడం నేర్పాలి. ఆమెకు ఆ అవసరం లేకపోయింది. అందుకే ఈ పద్ధతి అందరికీ ఇంత త్వరగా పనిచేస్తుందని చెప్పను. ఉర్దూలోనో హిందీలోనో చదువుకుని తెలుగు ఇంట్లో మాత్రమే మాట్లాడేవాళ్లకు పేపర్ పేజీ సాధన అంతగా ఉపయోగపడలేదు.

ఇప్పటి పరిస్థితి

మూడు నెలలు గడిచాయి. మెయిల్ రాయడానికి మొదట్లో రెండు గంటలు పట్టేది, ఇప్పుడు అరగంట పడుతోందట. తమ టీమ్ వెనక్కి తగ్గిన విషయం రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంకా తడబడుతోంది. అది మాటల ఇబ్బంది కాదు, పైవాళ్లు ఏమంటారోనన్న బెరుకు. దానికి నా దగ్గర పాఠం లేదు.

పోయిన నెలలో జరిగింది ఒకటి చెబుతాను. కాల్‌లో క్లయింట్ ఒక విషయం గురించి “లెట్స్ టేబుల్ దిస్” అన్నారట. ఈ మాట అమెరికాలో ‘ఇప్పటికి పక్కన పెడదాం’ అని, బ్రిటన్‌లో ‘చర్చకు పెడదాం’ అని అర్థమిస్తుంది. పూర్తిగా ఎదురెదురు అర్థాలు. అదే కాల్‌లో లండన్ నుంచి ఒకాయన కూడా ఉన్నారు, ఆయన వెంటనే తన స్లైడ్లు తెరవబోయారు. మునుపైతే ఈమె మ్యూట్‌లో ఉండి, తర్వాత ఏదో ఒకటి రాసేది. ఈసారి మ్యూట్ తీసి, “ఐ హ్యావ్ ఎ క్వశ్చన్. డు యు మీన్ వి లీవ్ ఇట్ ఫర్ నెక్స్ట్ వీక్?” అని అడిగింది. అవునన్నారు.

మెయిల్‌లో ఆ విషయం ఎదురుగా ఒక్క వాక్యం రాసింది. “డిఫర్డ్ టు నెక్స్ట్ వీక్స్ కాల్.” ‘టేబుల్డ్’ అని ఎందుకు రాయలేదని అడిగాను. “లండన్ ఆయన కూడా చదవాలి కదా మేడమ్” అంది.